కంటికి నీళ్లు వద్దన్న రోజు

నా కుడి కంట్లో ఇసుక పడ్డట్టు అనిపించింది 2011 వానకాలంలో, ఒక మంగళవారం పొద్దున షిఫ్టులో. మాది మంఖాల్. కొత్తూరు దగ్గర మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను ఆపరేటర్‌ని. బయట ముసురు పట్టి ఉంది. లోపల మేం సరుకు కలిపే రియాక్టర్ తొట్టిలో సోడియం హైడ్రైడ్ వేస్తున్నాం.

ఆ సరుకు గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అది బూడిద రంగు పొడి. ఉత్త పొడిగా రాదు, నూనెలో కలిపి ముద్దలా, కవర్లలో కట్టి డబ్బాల్లో వస్తుంది. నూనె ఎందుకంటే దానికి గాలిలో తేమ కూడా పడదు. నీళ్లు తగిలాయంటే బుస్సుమని హైడ్రోజన్ గ్యాస్ లేస్తుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి ఆ గ్యాసే అంటుకుంటుంది. అందుకని రియాక్టర్‌లో గాలిని నైట్రోజన్‌తో తరిమేశాకనే కవరు విప్పుతాం. మంట లేస్తే నీళ్లు కొట్టం, ఎండు ఇసుక పోస్తాం. పదకొండేళ్ల సర్వీసులో ఆ డబ్బా మూత బిగించే పని నేను ఇంకొకరికి ఇవ్వలేదు. వాళ్లు సరిగ్గా బిగిస్తారని నాకు నమ్మకం లేదు.

అసలు నాకు ఎవరి మీదా నమ్మకం లేదని మా ఆవిడ సుగుణ అంటుంది. గ్యాస్ సిలిండర్ వస్తే సీలు రెండుసార్లు చూస్తాను. బస్సెక్కితే ఇది శంషాబాద్ పోతుందా అని డ్రైవర్‌ని అడిగి, మళ్లీ కండక్టర్‌ని అడుగుతాను. ఈ గుణం నన్ను ఫ్యాక్టరీలో చాలాసార్లు కాపాడింది. ఆ మంగళవారం మాత్రం నా కొంప ముంచింది.

ముసురుకి గాగుల్స్ లోపల ఆవిరి పట్టింది. ఏమీ కనిపించక నొసటి మీదికి ఎత్తాను. అప్పుడే చేతిలో ఉన్న ఖాళీ కవరు మడతపెడుతుంటే అది టప్పున విచ్చుకుంది. కంట్లో ఏదో పడింది. మొదట నొప్పి కూడా లేదు, గరగర మాత్రం ఉంది.

హౌస్ కీపింగ్‌లో పనిచేసే అంజమ్మ వరండా తుడుస్తూ చూసింది. మగ్గుతో నీళ్లు పట్టుకుని ఉరికొచ్చింది. కన్ను కడగమంది. నేను ఆ మగ్గును చేత్తో కొట్టేశాను, ఆమెను కూడా నూకాను.

"దూరం పో. నీళ్లు తాకితే కన్ను కాలిపోతది."

పన్నెండు అడుగుల దూరంలో కళ్లు కడుక్కునే నల్లా ఉంది, కాలితో తొక్కితే రెండు పక్కల నుంచీ నీళ్లు ఎగజిమ్మేది. నేను అటు పోలేదు. నాకు తెలిసిన లెక్క ఒకటే, హైడ్రైడ్‌కి నీళ్లు శత్రువు, నూనె మిత్రుడు. క్యాంటీన్ నుంచి పల్లినూనె తెప్పించి కంట్లో రెండు చుక్కలు వేయించుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షిఫ్టు కెమిస్టు ప్రసాద్ గారు ల్యాబ్ నుంచి పరుగున వచ్చేసరికి నేను దవాఖానకు పోవడానికి కంపెనీ వ్యాన్‌లో కూర్చుని ఉన్నాను, కంటి మీద పొడి గుడ్డ అదుముకుని. ఆయనది గుంటూరు వైపు. మెత్తగా మాట్లాడతాడు. కన్ను వెంటనే కడగాలన్నాడు. పుస్తకం చదువు చదివినోడు, పొడిని చేత్తో ముట్టనోడు, ఈయనకేం తెలుసు అనుకున్నాను. కన్ను కడిగే ఐవాష్ సీసా ఒకటి నా చేతిలో పెట్టి, దారి పొడుగునా పోసుకుంటూ పొమ్మన్నాడు. రియాక్టర్‌లో నడుస్తున్న బ్యాచ్ వదిలి ఆయన రాలేకపోయాడు. ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, మూత తీయకుండా శంషాబాద్ దాకా పోయాను.

దారిలో మంట మొదలైంది. హైవే మీద ఎయిర్‌పోర్ట్ మలుపు దగ్గర బండ్లు ఆగిపోయాయి. కంట్లో నిప్పు పెట్టినట్టుంది. నీళ్లు పోయకుండానే ఇంత మంటైతే, పోస్తే ఏమయ్యేదో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అక్కడి నర్సింగ్ హోంలో చిన్న వయసు డాక్టర్ ఉన్నాడు. ఏం పడిందని అడిగాడు. సోడియం హైడ్రైడ్ అని, నీళ్లు పోయొద్దని చెప్పాను. ఆయన ప్రసాద్ గారికి ఫోన్ కలిపి, ఒక నిమిషం విని, నర్సుతో సెలైన్ సీసాలు ఎన్ని ఉంటే అన్ని తెమ్మన్నాడు. నేను బల్ల మీద నుంచి లేచాను. ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టారు. మొదటి సీసా పోస్తుంటే మంట లేస్తుందని పళ్లు బిగబట్టాను. మంట లేవలేదు. చల్లగా ఉంది, అంతే.

క్షారం ఉంటే రంగు మారే కాగితం ముక్క ఒకటి కంటి మూలకు తాకించి చూశాడు. అది నీలం తిరిగింది. "పీహెచ్ ఇంకా ఎక్కువుంది, పొయ్" అన్నాడు నర్సుతో. పై రెప్ప తిరగేసి, దూది పుల్లతో నువ్వు గింజలో సగం ఉన్న బూడిద రంగు తునక తీశాడు. ఎన్ని సీసాలు పోశారో నాకు తెలియదు. కాగితం నీలం తిరగడం మానేదాకా పోశారు. పొడి పడినప్పటి నుంచి మొదటి చుక్క నీళ్లు పడేదాకా దగ్గర దగ్గర యాభై నిమిషాలు అయింది.

అక్కడి నుంచి సిటీలో కంటి దవాఖానకు పంపారు. చీటీ మీద "సోడియం హైడ్రాక్సైడ్, ఆల్కలీ బర్న్" అని రాశారు, క్షారంతో కాలిందని. నాకు ఇంగ్లిష్ అంతగా రాదు గానీ ఫ్యాక్టరీలో డబ్బాల మీద పేర్లు చదవడం వచ్చు. హైడ్రాక్సైడ్ అంటే కాస్టిక్. నా కంట్లో పడింది హైడ్రైడ్. ప్రసాద్ గారు ఫోన్‌లో పేరు మార్చి చెప్పాడు, కంపెనీని కాపాడటానికి ఏదో కథ నడుస్తోంది అని గట్టిగా అనుకున్నాను. ఆ చీటీని జిరాక్స్ తీయించి బనీను జేబులో పెట్టుకున్నాను.

కంటి దవాఖానలో డాక్టరమ్మ యాభై ఏళ్లావిడ. తక్కువ మాట్లాడుతుంది. నన్ను చూడ్డానికి వచ్చిన మా వాళ్లందరూ కన్ను ఎర్రగా కూడా లేదు, ఏం కాలేదని ధైర్యం చెప్పారు. ఆమె మాత్రం లైటు వేసి చాలాసేపు చూసి, "ఎర్రగా లేదు కదా, నా భయం అదే" అంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే లింబస్ అనే అంచులో రక్తనాళాలు కాలిపోయి తెల్లబడ్డాయట. నల్లగుడ్డు ముందుండే అద్దం లాంటి కార్నియా మీద పొర అక్కడి నుంచే మళ్లీ పెరగాలట. పెరగకపోతే చూపు పోతుంది. ఎర్రగా ఉంటే జబ్బు, తెల్లగా ఉంటే ఇంకా పెద్ద జబ్బు అంటుంటే, ఈమె నన్ను ఊరికే బెదిరిస్తోందని అనిపించింది. చుక్కల మందులు నాలుగు రకాలు రాసింది. వాటితో పాటు విటమిన్ సి గోలీలు. కన్ను కాలితే చప్పరించే గోలీలు ఇస్తారా అని ఆ అనుమానం కూడా పెట్టుకున్నాను.

మూడో రోజు బనీను జేబులోంచి జిరాక్స్ తీసి ఆమె ముందు పెట్టాను. నా కంట్లో పడింది ఇది కాదు, ఎవరు మార్పించారో చెప్పమన్నాను.

ఆమె కోప్పడలేదు. "రెండూ నిజమే మల్లేశ్ గారూ. పడింది హైడ్రైడ్. కన్నీళ్లు తగలగానే అది హైడ్రాక్సైడ్ అయింది. మీరు నీళ్లు వద్దన్నా కంట్లో నీళ్లు ఉంటాయి కదా. కొంచెం నీళ్లు దాన్ని కాస్టిక్ చేస్తాయి, ఎక్కువ నీళ్లు ఆ కాస్టిక్‌ని కడిగేస్తాయి. మీకు కొంచెమే దొరికాయి."

మాట సూటిగానే ఉంది. కానీ నేను ఒప్పుకోలేదు. ఆమెకు ఎవరో నేర్పి చెప్పించారనుకున్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పలేరు అన్న సంగతి నాకు తట్టలేదు.

ఇంటికి పంపాక చుక్కలు అయిపోతే శంషాబాద్‌లో మెడికల్ షాపుకు పోయాను. షాపతను ఒక సీసా తిప్పి చూసి, ఇది స్టెరాయిడ్, ఎక్కువ రోజులు వేస్తే కంటికి మంచిది కాదన్నాడు. నాకు కావాల్సింది దొరికింది. కన్ను పూర్తిగా పోతే నేను కేసు వేసే స్థితిలో ఉండనని డాక్టర్లూ కంపెనీ కలిసే ఈ మందు ఇస్తున్నారని నా బుర్ర ఒక లెక్క కట్టేసింది. ఆ రోజు నుంచి నాలుగు రకాలూ మానేశాను. సుగుణ అడిగితే నేనే వేసుకున్నానని చెప్పేవాణ్ణి. సీసాలు బియ్యం డబ్బా వెనక పెట్టాను. అలా పదకొండు రోజులు.

ఆరో రోజుకు తలనొప్పి. ఎనిమిదో రోజుకు లైటు చుట్టూ రంగుల గుండ్రాలు. మందు విషం ఇప్పుడు బయటికి పోతోందని సర్దిచెప్పుకున్నాను. పదకొండో రోజు బియ్యం తీస్తూ సుగుణ సీసాలు చూసింది. అరవలేదు. వచ్చి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా ఎడమ కన్ను తన అరచేత్తో మూసింది. వేళ్లు ఎన్ని అని అడిగింది.

ఎదురుగా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. ఓడిపోవడం ఇష్టం లేక "మూడు" అన్నాను.

"నేను చెయ్యే లేపలే" అంది సుగుణ.

నా కంటి మీది నుంచి అరచెయ్యి తీసింది. తర్వాత ఆమె అంది, "నువ్వు అందరి మీద అనుమానం పడు, నేను వద్దంటలేను. నా మీద కూడ పడు. కానీ చుక్కలు ఏసుకుంట పడు." చీర మార్చుకుని వచ్చి, ఆటో మాట్లాడుకుని నన్ను దవాఖానకు తీసుకుపోయింది. 

కంట్లో ప్రెషర్ ముప్పై ఆరు ఉంది. పదీ ఇరవై మధ్య ఉండాలట. ఎపిథీలియల్ డిఫెక్ట్, అంటే కార్నియా పై పొరలో పడ్డ పుండు, మూసుకోలేదు, కార్నియా పల్చబడుతోంది, చిల్లు పడొచ్చు. డాక్టరమ్మ ఇదంతా సుగుణకే చెప్పింది, నా వైపు చూడకుండా. స్టెరాయిడ్ గురించి షాపతను చెప్పింది అబద్ధం కాదట. అందుకే వారం వారం ప్రెషర్ చూస్తున్నది, అందుకే ప్రెషర్ తగ్గించే చుక్కలు కూడా ఇచ్చింది. నేను ఆ చుక్కలు కూడా ఆపేశాను. మర్నాడు ఆపరేషన్ చేసి అమ్నియోటిక్ మెంబ్రేన్ వేశారు, కాన్పు తర్వాత వచ్చే మాయ పొరతో కన్ను కప్పడం అన్నమాట. ఆ పొర ఎవరిది అని అడిగాను. తల్లి పేరు చెప్పరు, పరీక్షలు చేసిందే వాడతారని నర్సు చెప్పింది. అడగకుండా ఉండలేకపోయాను.

చిల్లు పడలేదు. కన్ను నిలబడింది, చూపు నిలబడలేదు. ఇంట్లో కూర్చుని ఒక కంటితో కంపెనీ మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. హైడ్రైడ్‌కి నీళ్లు తగలనీయొద్దని మాకు నేర్పింది కంపెనీయే, ఆ మాట ప్లాంట్ గోడకున్న బోర్డు మీద రాసి ఉంది, అది నమ్మే నేను కన్ను కడుక్కోలేదు అని రాశాను. అందులో తప్పు ఒక్క అక్షరం లేదనుకున్నాను. బోర్డు ఫొటో సాక్ష్యం కావాలని ప్రసాద్ గారికి ఫోన్ చేయించాను. ఇవ్వడనుకున్నాను. ఆయన ఆదివారం పొద్దున తనే మంఖాల్ వచ్చాడు. ఫొటో తెచ్చాడు, దాంతో పాటు ఆ సరుకుతో వచ్చే సేఫ్టీ కార్డు కూడా తెచ్చాడు.

మా అమ్మాయి శ్రావణి అప్పుడు తొమ్మిదో తరగతి. కార్డు ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పమన్నాను. నీళ్లకు దూరంగా ఉంచాలి, పొడి చోట పెట్టాలి, మంటకు ఎండు ఇసుక వాడాలి అని చదువుతూ పోయింది. నేను తలూపుతున్నాను. తర్వాత, ఒంటి మీద పడితే పొడిని ముందు దులిపేసి ఆ తర్వాత బాగా నీళ్లతో కడగాలి అంది. కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో, రెప్పలు తెరిచి పట్టుకుని, పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా కడగాలి అంది.

"బోర్డు మీద ఇది లేదేంది బాపు?" అని అడిగింది.

ఫొటోలో బోర్డు మీద ఉన్నది నా చేతిరాత. నాలుగేళ్ల కింద ప్రసాద్ గారు ఈ కార్డు చదివి చెప్తుంటే నేనే పెయింట్‌తో రాశాను. ప్లాంట్‌లో అందరికన్నా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాకు గర్వం. ఆయన మొత్తం రాయమన్నాడు. అంత ఎవడు చదువుతడు సార్, కొత్తోళ్లకు ఒక్క మాట పెద్దగ కనపడాలె అని నేనే ఆపించాను. "నీళ్లు తగలనీయరాదు" అని బోర్డు నిండా రాసి, కింద గీత కూడా కొట్టాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి కొత్త మనిషినీ ఆ బోర్డు ముందు నిలబెట్టి చదివించింది కూడా నేనే.

ప్రసాద్ గారు తల వంచుకుని, "నేను సరే అన్నాను కదండీ. నాదీ తప్పే" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా, ఫిర్యాదు వాపసు తీసుకుంటానని ఇలా అంటున్నాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. లోపలికి పోయి ఏడ్చాను. కన్నీళ్లు కుడి కంట్లో ఉప్పు పోసినట్టు మండాయి. ఫిర్యాదు చింపలేదు, దాన్ని మార్చి రాశాను. బోర్డు మీద సగమే ఉంది, రాసింది నేను, చూసి ఊరుకున్నది కంపెనీ అని రాసి ఇచ్చాను.

మళ్లీ డ్యూటీకి పోయినప్పుడు నన్ను పొడి దగ్గరికి రానివ్వలేదు, స్టోర్‌లో వేశారు. మొదటి రోజే అంజమ్మను వెతుక్కుంటూ పోయి, ఆ రోజు నూకినందుకు తప్పైందని చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"నిన్ను గుంజుకపోయి నల్లా కింద పెడితే అయిపోతుండె మల్లేశన్నా. నువ్వు తెలిసినోనివి, నాకేం తెలుసని ఊకున్న. నా కండ్ల ముందల నీ కన్ను పాయె."

ఇన్ని నెలలు నేను అందరినీ అనుమానించుకుంటూ కూర్చుంటే, ఏ తప్పూ లేని ఆమె తనను తాను తిట్టుకుంటూ ఉందన్నమాట. నీ తప్పు ఏం లేదక్కా అని నాలుగైదు సార్లు చెప్పాను. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు.

2012 చివరికి కుడి నల్లగుడ్డు మీదికి తెల్లగుడ్డు లోంచి నరాలు పాకి, వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా అయింది. డాక్టరమ్మ ఒక దారి ఉందంది. లింబల్ స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్. కాలిన అంచు స్థానంలో బాగున్న అంచు ముక్క పెట్టాలి. ఆ ముక్క నా ఎడమ కంట్లోంచి తీయాలి.

నాకు మిగిలింది ఆ ఒక్క కన్ను. దాని మీద కత్తి పెడతానంటోంది. నేను ఆమెను ఒక గంట ప్రశ్నలు అడిగాను. ఎంత తీస్తారు, తీసిన చోట పెరుగుతుందా, ఇప్పటిదాకా ఎవరికైనా ఎడమది పోయిందా. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. చివరికి, కచ్చితంగా చూపు వస్తుందా అని అడిగాను.

"కచ్చితంగా అని నేను చెప్పను. చెప్పేవాళ్లుంటే వాళ్లను అనుమానించండి" అంది.

ఆ మాటకే సంతకం పెట్టాను. బయట సుగుణ నా మొహం చూసి ఏమైందని అడిగితే, ఈమె అబద్ధం చెప్పదు, పెట్టేసిన అన్నాను. సుగుణ నవ్వింది. ఆ ఏడాదిన్నరలో ఆమె నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

కట్టు విప్పిన రోజు ఏమీ తేడా తెలియలేదు. నెల తర్వాత కిటికీ చువ్వలు విడివిడిగా కనిపించాయి. రెండు నెలలకు ఎడమ కన్ను మూసుకుని, ఎదురుగా కూర్చున్న సుగుణను వేళ్లు చూపమన్నాను. రెండు అన్నాను. ఈసారి నిజంగానే రెండు.

ఇప్పుడు 2014. కుడి కంటితో పేపర్ చదవలేను, పెద్ద అక్షరాలు చదవగలను. ఎండలో నల్లద్దాలు పెట్టుకుంటాను. రోజుకు ఆరుసార్లు తడి చుక్కలు, మూడు నెలలకోసారి ప్రెషర్ పరీక్ష. ఎడమ కన్ను బాగానే ఉంది. ఇప్పటికీ సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ రెండుసార్లు చూస్తాను, ఆ అలవాటు పోదు, పోవాల్సిన పని కూడా లేదు. ప్లాంట్‌లో కొత్తగా చేరినవాళ్లకు సరుకు గురించి చెప్పే పని ఇప్పుడు నాదే. డబ్బాకు నీళ్లు శత్రువు అని చెప్తాను, కంటికి కాదు అని వెంటనే చెప్తాను. వాళ్లలో ఒక్కరైనా నా కుడి కంటి వైపు చూసేదాకా ఆపను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఫ్యాక్టరీ పొడి కావచ్చు, ఇంట్లో సున్నం కావచ్చు, కంట్లో పడిన వెంటనే రెప్పలు తెరిచి పట్టుకుని నీళ్లు పోయండి, పోస్తూనే ఉండండి, దవాఖానకు పోయే దారిలో కూడా ఆపకండి. ఎవరు పోసినా పోయించుకోండి. వాళ్ల మీద అనుమానం ఉంటే తర్వాత పడొచ్చు, దానికి జీవితమంతా టైముంటుంది. కంటికి ఉండేది పది నిమిషాలే.